రక్తం ఇవ్వబోతే బయటపడ్డ బీపీ: ఎనిమిది నెలల నా అనుభవం

2024 నవంబరు 17, కార్తీక మాసం, ఆదివారం. ఊరి బయట మామిడి తోటలో మా బట్టల వ్యాపారుల వనభోజనాలు. అక్కడే ఓ పక్క షామియానా కింద రక్తదాన శిబిరం పెట్టారు. కిందటి రెండేళ్లూ ఇచ్చినవాణ్ణే కదా అని ధీమాగా వెళ్లి చొక్కా చెయ్యి మడిచాను. బీపీ చూసే అమ్మాయి ఒకసారి చూసింది. పది నిమిషాలు కూర్చోమని మళ్లీ చూసింది. 158/98. "మీ దగ్గర తీసుకోం సార్. పైది 140, కిందది 90 దాటకూడదు" అంది. "పొద్దుట్నుంచి రెండు కాఫీలు పడ్డాయమ్మా, అందుకే" అన్నాను. నవ్వి, కాగితం మీద నా పేరు కొట్టేసింది. నా వెనక వరసలో ఉన్న మా గుమాస్తా రక్తం ఇచ్చేసి బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. వాడి ముందు పరువు పోయినట్టుంది తప్ప, ఆ రోజు భయం మాత్రం వెయ్యలేదు.

నాకు 44 ఏళ్లు. రాజమండ్రి తాడితోటలో హోల్‌సేల్ బట్టల షాపు. పొద్దున పదింటికి పరుపు మీద చతికిలబడితే రాత్రి తొమ్మిదింటికి లేవడం. తానులు దించేది కుర్రాళ్లు, బేళ్లు మోసేది హమాలీలు, టీ తెచ్చేది హోటలు పిల్లాడు. నేను చేసే కాయకష్టమల్లా మీటరు కర్ర తిప్పడం, లెక్కలు కట్టడం.

ఆ తర్వాత పదకొండు రోజులు ఏమీ చెయ్యలేదు. మధ్యలో ఒక రోజు మందుల షాపులో 20 రూపాయలిచ్చి చూపించుకున్నాను. 150/96. అదీ ఇంట్లో చెప్పలేదు. గుమాస్తా మా ఆవిడతో అనేశాడు. "ఏవండీ, అత్తయ్య గారి వేలు మర్చిపోయారా?" అని ఒక్క మాటే అడిగింది.

మర్చిపోవడమేమిటి. మా అమ్మకి 19 ఏళ్లుగా షుగరు. 2022లో చెప్పు కరిచి కాలి వేలికి పుండు పడింది. నాలుగు నెలలు కట్లు కట్టించి, చివరికి ఆ వేలు తీసేశారు. ఆ కట్లు విప్పేటప్పుడు పక్కన నిలబడింది నేనే. మా ఆవిడ ఆ మాట అన్న రాత్రి నిద్ర పట్టలేదు. భయం అప్పుడు వచ్చింది.

నవంబరు 28, గురువారం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఫీజు 400, టోకెన్ 31. రెండు గంటల యాభై నిమిషాలు బెంచీ మీద కూర్చుంటే లోపల ఆరు నిమిషాలు మాట్లాడారు. వెంటనే మాత్ర రాస్తారనుకున్నాను, రాయలేదు. "ఇక్కడ చూసినదాన్ని బట్టి చెప్పను. మిషను కొనుక్కుని వారం రోజులు ఇంట్లో చూసి రాసుకు రండి. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటికి సగటు కడదాం" అన్నారు. ఆస్పత్రిలో 140/90 ఎలాగో, ఇంట్లో 135/85 అలాగట. ఇంట్లో అంకె ఇంకా తక్కువగా ఉండాలని నాకు అప్పటిదాకా తెలియదు.

మిషను 1,850. ఇంటికి తెచ్చి పెట్టుకుంటే 160, 163, 158. గుండె దడదడలాడింది. మర్నాడు మా మేనల్లుడు వచ్చి (నర్సింగ్ చదువుతున్నాడు) చేతికి చుట్టే పట్టీ చూసి, "మావయ్యా, దీని మీద 22 నుంచి 32 సెంటీమీటర్లని రాసుంది. నీ దండచెయ్యి కొలత ఎంత?" అన్నాడు. కొలిస్తే 35. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందట. అమ్మినవాడు నా చెయ్యి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పెద్ద పట్టీకి ఇంకో 750. అది వేసి చూస్తే 148. ఒక గుడ్డముక్క తేడాకి పన్నెండు పాయింట్లు! రోజూ బట్ట కొలిచి అమ్ముకునేవాణ్ణి, నా చేతికి సరిపడా గుడ్డ కొనుక్కోలేకపోయాను.

ఇంకో సంగతి. చూసుకునే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. అన్నీ కుదిరేవి గానీ చివరిది కుదిరేది కాదు. మిషను గాలి ఎక్కుతుండగానే మా ఆవిడ వంటింట్లోంచి "దొండకాయా, బెండకాయా?" అనేది. "దొండకాయ" అన్న పాపానికి ఎనిమిది పాయింట్లు పెరిగేది. ఆరు రోజుల సగటు 146/93 తేలింది.

డిసెంబరు 6న రక్త పరీక్షలు. పరగడుపున ఒకసారి తీసి, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి అయిదు నిమిషాల్లో తాగమన్నారు. పానకం అనుకుంటాం, కాదు. సగం తాగేసరికి కడుపులో తిప్పింది. "వాంతి చేసుకుంటే ఇంకో రోజు మళ్లీ మొదట్నుంచి సార్" అని ముందే హెచ్చరించారు, అందుకని ఆపుకున్నాను. తర్వాత రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. కాళ్లు పట్టేసి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆ టెక్నీషియన్ కసిరాడు: "నడిస్తే రిపోర్టు తగ్గుతుంది, కూర్చోండి." ఆ మాట మీద నేను ఆ రోజే ఆలోచించి ఉంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి. మొత్తం బిల్లు 1,650.

డిసెంబరు 9న మళ్లీ డాక్టరు గారు. పది రోజుల్లోపు వెళితే ఫీజు ఉండదట. నేను వెళ్లింది పదకొండో రోజు, మళ్లీ 400. పరగడుపు 112, రెండు గంటలకి 168, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. అది 5.7 లోపుంటే మామూలు, 6.5కి చేరితే షుగరు. "మీరింకా గుమ్మంలోనే ఉన్నారు, లోపలికి అడుగు పెట్టలేదు" అన్నారాయన.

తర్వాత సిస్టరు గారు టేపు తీశారు. చెన్నై డాక్టర్లు మన దేశంలోని వాళ్ల కోసం తయారుచేసిన మార్కుల పట్టిక ఒకటుంది: వయసు, నడుము, వ్యాయామం, తల్లిదండ్రుల్లో షుగరు. అరవైకి చేరితే ముప్పు ఎక్కువని లెక్క. "నాది 36 ప్యాంటండీ" అన్నాను. "పొట్ట కింద కట్టే ప్యాంటు కొలత కాదండీ, బొడ్డు దగ్గరది కావాలి. ఊపిరి బిగపట్టకండి, వదలండి" అన్నారు. వదిలాను. 99 సెంటీమీటర్లు. అంటే 39 అంగుళాలు. మనవాళ్లలో మగవాళ్లకి 90 దాటకూడదు. వయసుకి 20, నడుముకి 10, వ్యాయామం బొత్తిగా లేనందుకు 30, అమ్మకి ఉన్నందుకు 10. మొత్తం 70. ఇంకో సెంటీమీటరు ఉంటే 80 వచ్చేది. చదువుకునే రోజుల్లో లెక్కల్లో ఎప్పుడూ రాని మార్కులు.

"మూడు నెలలు నడవండి, ఉప్పు తగ్గించండి, మార్చిలో చూసి మాత్ర సంగతి ఆలోచిద్దాం" అన్నారు.

మర్నాడే మొదలుపెట్టాను. బూట్లు 2,400. తెల్లవారుజామున అయిదున్నరకి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. డిసెంబరు మంచులో రాజమండ్రి బాగుంటుంది, ఎదుటి మనిషి దగ్గరికి వచ్చేదాకా కనపడడు. మొదటి వారంలోనే ఒక బృందం కలిసింది: ఒక రిటైర్డు మాష్టారు, ఇద్దరు కాంట్రాక్టర్లు, ఒక ఎల్‌ఐసీ ఏజెంటు. రాజకీయాలు, భూముల ధరలు, ఎవరి అల్లుడు ఎక్కడున్నాడు, అన్నీ మాట్లాడుకుంటూ ముప్పావుగంట నడిచేవాళ్లం. అయ్యాక గేటు దగ్గర నాలుగు ఇడ్లీ, ఒక గారె, చక్కెర టీ. ఫోనులో ఆరు వేల అడుగులు. ఇంటికొచ్చి ఆ అంకె మా ఆవిడకి చూపించేవాణ్ణి.

సంక్రాంతికి పదమూడు రోజులు ఎగ్గొట్టాను. అది మాకు వ్యాపారం రోజులు కూడా. కనుమనాడు అరిసె తిని, సరదాకి అమ్మ గ్లూకోమీటరుతో వేలు పొడుచుకుంటే 261! కాళ్లు చల్లబడ్డాయి. అమ్మ మాత్రం తొణకలేదు. "చెయ్యి కడుక్కున్నావురా?" అంది. వేలికి బెల్లం పాకం ఉంది. సబ్బుతో కడుక్కుని ఇంకో వేలు పొడిస్తే 164. పందొమ్మిదేళ్ల అనుభవం ఊరికే పోదు.

ఫిబ్రవరి మొదటి వారంలో మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు ఉండేది. పది అడుగులు వేశాక తగ్గేది. ఫిజియోథెరపీ ఆరు సిట్టింగులు, ఒక్కోటి 300. మడమ కింద పెట్టుకునే మెత్తలు 350. మళ్లీ పన్నెండు రోజులు ఆగాను.

మార్చి 10. హెచ్‌బీఏ1సీ 6.1. పరగడుపు 109. బరువు 84.5 నుంచి 83.9. బీపీ ఇంటి సగటు 145/92. రిపోర్టు చేతిలో పట్టుకుని ల్యాబు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. చలిలో లేచింది, బూట్లు, మడమ, ఫిజియో, ఇంత చేసి తగ్గింది పాయింట్ ఒకటా (0.1)? నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఎలాగూ వచ్చేదే కదా, అమ్మకొచ్చింది, నాకూ వస్తుంది, హాయిగా పూతరేకులు తింటూ ఎదురుచూద్దాం అనిపించింది.

డాక్టరు గారు తిట్టలేదు. ఒక ప్రశ్న అడిగారు. "నడిచేటప్పుడు మాట్లాడగలరా?" "బ్రహ్మాండంగా" అన్నాను. "పాట పాడగలరా?" "పాడొచ్చు." "అయితే మీరు చేసింది షికారు. మాట వస్తుండాలి గానీ పాట రాకూడదు, అదీ వేగం. అలా వారానికి 150 నిమిషాలు." తర్వాత ఇడ్లీల సంగతి కూడా నా చేతే చెప్పించారు.

"అలా చేస్తే షుగరు రాదని గ్యారంటీయా?" అని అడిగాను, వ్యాపారి బుద్ధి. ఆయన దాచలేదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం నాలాంటి గుమ్మంలో వాళ్లని 531 మందిని మూడేళ్లు చూశారట, 2006లో ప్రచురించారు. ఊరికే వదిలేసినవాళ్లలో వందకి 55 మందికి షుగరు వచ్చింది, తిండీ వ్యాయామం మార్చుకున్నవాళ్లలో వందకి 39 మందికి. "అంటే మార్చుకున్నా కొందరికి వస్తుంది. కానీ ఇంకో సంగతి వినండి, ఆ బాగుపడ్డవాళ్లు పెద్దగా బరువు తగ్గలేదు. కాబట్టి కాటా చూసి నీరసపడకండి" అన్నారు. నాకు ఆ 55, 39 అంకెలు నచ్చాయి. తప్పక తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. ఇది మాత్రం బేరంలా ఉంది, లాభం ఎంతో నష్టం ఎంతో తెలుస్తోంది.

బీపీకి టెల్మిసార్టాన్ 40 రాశారు. షాపులో ఇచ్చిన కంపెనీది నెలకి 210 అయింది. రెండో నెల నుంచి జనౌషధిలో కొన్నాను, 40 లోపే. మూడు వారాలకి రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోమన్నారు. ఏప్రిల్ 4న చూపించాను, బాగానే ఉన్నాయి. మాత్ర వేసుకోవడం ఓడిపోవడం అని ఒక పది రోజులు అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

అసలు మార్పు మధ్యాహ్నం నడకతో వచ్చింది. తిన్నాక పదిహేను నిమిషాలు నడవమన్నారు. షాపు వదిలి ఎక్కడికి పోతాను? మార్కెట్టు వరండాల్లోనే, భోజనం కాగానే రెండింటికి, చకచకా నాలుగు వరసలు. మొదటి వారంలో నా ప్రాణం మీదికి వచ్చింది. హోల్‌సేలు మార్కెట్టులో ఒక వ్యాపారి పని లేకుండా రోజూ ఒకే వేళకి ఎదుటి షాపు ముందు నుంచి పోతున్నాడంటే ఒకటే అర్థం: వసూళ్లు. మూడో వరసలో ఒకాయన నాకు ఆరు నెలలుగా 47 వేలు బాకీ. నన్ను చూడగానే ఫోను చెవికి పెట్టుకునేవాడు. నాలుగో రోజు లోపలికి వెళ్లిపోయాడు. నేనేమో ఆగితే వేగం పోతుందని ఆగకుండా, పలకరించకుండా, ముందుకు చూస్తూ పోయేవాణ్ణి. అది ఇంకా భయంకరంగా కనిపించిందేమో. తొమ్మిదో రోజు కుర్రాడి చేత 20 వేలు పంపాడు. ఏప్రిల్ నెలాఖరుకి మిగతాదీ తీర్చేశాడు.

నమ్మకం కుదరక అమ్మ మీటరుతో పరీక్ష పెట్టుకున్నాను. ఒకే అన్నం, ఒకే పప్పు, ఒకే కూర. ఒక రోజు తిని పరుపు మీదే కూర్చున్నాను: గంటకి 186. మర్నాడు తిని నడిచాను: 149. మూడుసార్లు చేశాను, ప్రతిసారీ ముప్పై పైనే తేడా. అప్పుడు గుర్తొచ్చాడు, డిసెంబరులో నన్ను కసిరిన టెక్నీషియన్. స్ట్రిప్పుల డబ్బా 950 అయింది. నాకు కావలసిన రుజువు దొరికింది కాబట్టి దండగనుకోను.

బరువులు కూడా ఎత్తాలన్నారు, వారానికి రెండు రోజులు. జిమ్ము నా వల్ల కాదు. పొద్దున కుర్రాళ్లు రాకముందు సూటింగు తానులు కింది అరలోంచి పై అరలోకి సర్దడం, చిన్నప్పుడు మాష్టారు తీయించినట్టు గుంజీళ్లు, గోడకి చేతులు ఆనించి తొయ్యడం. మొదటి రోజే బడాయికి పోయి రెండేసి తానులు ఊపిరి బిగపట్టి ఎత్తాను. తల గిర్రున తిరిగి, చెవుల్లో హోరు. వెంటనే బీపీ చూసుకుంటే 172. పావుగంటకి దిగింది. ఎత్తేటప్పుడు ఊపిరి బిగించకూడదు, వదులుతూ ఎత్తాలి. ఇది మా హమాలీకి తెలుసు. బేలు ఎత్తేటప్పుడు వాడు "హుష్" అని ఎందుకంటాడో ఇరవయ్యేళ్లలో నేనెప్పుడూ అడగలేదు.

మే నెలలో పొద్దున ఆరున్నరకే చెమటలు. గ్రౌండుకి అయిదింటికే వెళ్లేవాణ్ణి, ఒక్కణ్ణే. పాత బృందంతో ఆదివారం మాత్రం నడుస్తున్నాను. మాష్టారు నొచ్చుకున్నారు, "పెద్దవాడివైపోయావయ్యా" అన్నారు. ఆవకాయ విషయంలో ఇంట్లో వారం రోజులు గొడవ. చివరికి జాడీ నాకు అందని అటక మీదికి పోయింది. ఒక్క ముక్క వేసి ఇస్తారు, రెండోది అడిగితే అమ్మ తన కాలు చూపిస్తుంది.

జూలై 14 రిపోర్టు. హెచ్‌బీఏ1సీ 5.8. పరగడుపు 101. మళ్లీ ఆ గ్లూకోజు తాగిస్తే రెండు గంటలకి 134, అంటే 140 లోపు. బరువు 82, అంటే తగ్గింది రెండున్నర కిలోలే. నడుము 95. బీపీ మాత్రతో సగటు 128/82. "మాత్ర ఆపేద్దామా?" అని ఆశగా అడిగాను. "ఇది మాత్రతో వచ్చిన అంకె. ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నారు. 5.8 కూడా ఇంకా గుమ్మంలోదే, కాకపోతే ఒక కాలు వీధి వైపు ఉంది.

ఖర్చు అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను: డాక్టరు ఫీజు అయిదుసార్లు 2,000, మిషనూ పట్టీ 2,600, పరీక్షలన్నీ కలిపి 4,000, బూట్లూ మెత్తలూ 2,750, ఫిజియో 1,800, స్ట్రిప్పులు 950, మాత్రలు 330. మొత్తం 14,430. ఇందులో నేను నడవకుండా ఉన్నా తప్పనివి సగం ఉన్నాయి. అసలు పనిచేసిన మధ్యాహ్నం నడకకి పైసా ఖర్చు లేదు.

తర్వాతి పరీక్ష 2026 జనవరికి, సంక్రాంతి వెళ్లాక, పెట్టారు. ముందే పెట్టమని బతిమాలాను, ఆయన ఒప్పుకోలేదు. మూడో వరస ఆయన శ్రావణ మాసం పెళ్లిళ్ల సరుకు మళ్లీ 60 వేలకి అప్పు మీద పట్టుకెళ్లాడు. రెండింటికి ఆ వరసలోంచి వెళుతుంటే ఇప్పుడు తనే బయటికొచ్చి, "నడకే కదండీ గురువు గారూ?" అని అడిగి మరీ కూర్చుంటున్నాడు.